కట్టేవారు, విప్పేవారు, నింపేవారు

ఇంగ్లీషు నేర్చుకునేవాణ్ణి భయపెట్టేవి పెద్ద పెద్ద మాటలు కావు, చిన్న చిన్న క్రియలు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండవ కూర్పులో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన మాట 'సెట్'. తరువాతి సవరణలో 'రన్' దాన్ని దాటిపోయి, క్రియగానే 645 అర్థాలు సంపాదించుకుంది. మూడేసి అక్షరాల మాటలకు ఇంత సంసారం! మా బ్యాంకు వృత్తికీ అలాంటి మూడక్షరాల క్రియ ఒకటి ఉంది. అది 'పే'. చెక్కు మీద మొదటి మాట అదే. రెండు రూపాయల నోటు మొదలు పెద్ద నోట్ల దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పైన చేసే వాగ్దానంలో ఉన్న క్రియ అదే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం పదవ సెక్షను నిర్వచించేదీ సక్రమమైన 'పేమెంట్' అంటే ఏమిటన్నదే.

నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి. భాషాశాస్త్రం నా పొలం కాదు. కానీ కౌంటరులో కూర్చున్నవాడికి రోజుకు వందసార్లు చెవిన పడే క్రియ గురించి రెండు మాటలు చెప్పే హక్కు ఉంటుందనుకుంటాను. అందులోనూ ఆ కౌంటరు సంతపూర్ లాంటి చోట ఉంటే, ఒక్క క్రియ నాలుగు భాషల్లో నాలుగు వేషాలు వేసుకుని వస్తుంది.

'పే' పుట్టుక చిత్రమైనది. లాటిన్‌లో 'పాక్స్' అంటే శాంతి. దాని నుంచి 'పాకారే', అంటే శాంతింపజేయడం. అప్పులవాణ్ణి శాంతింపజేయాలంటే ఏం చేయాలో అందరికీ తెలుసు. ఆ మాట ఫ్రెంచి దారిన ఇంగ్లీషుకు వచ్చేసరికి శాంతి పక్కకు పోయి సొమ్ము మిగిలింది. ఆ తరువాత దాని సంతానం పెరిగింది. ఇంగ్లీషువాడు జీతమూ 'పే' చేస్తాడు, పన్నూ 'పే' చేస్తాడు. శ్రద్ధ, గౌరవం, చుట్టపుచూపు అన్నీ అతనికి 'పే' చేసేవే. చేసిన పాపానికీ, లాభసాటి వ్యాపారానికీ అదే క్రియ. మనం శ్రద్ధ పెడతాం, మర్యాద చేస్తాం, చుట్టాలను చూసివస్తాం, పాపం అనుభవిస్తాం, వ్యాపారం గిట్టుబాటవుతుందంటాం. వాడి ఒక్క క్రియకు మనకు అరడజను.

పర్యాయపదాల సంగతి వచ్చింది కనుక ఒక సంవత్సరం గుర్తు చేస్తాను. లండనులో రోజె అనే వైద్యుడు ఇంగ్లీషు మాటలను భావాలవారీగా గుంపులు కట్టి 'థిసారస్' ప్రచురించినది 1852లో. మద్రాసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వెలువడినదీ 1852లోనే. బ్రౌన్ కంపెనీ ఉద్యోగి. 1820లో కడపకు వచ్చి రెవెన్యూ, న్యాయశాఖల్లో పనిచేసినవాడు. ఊళ్లలో శిస్తు వసూలు దగ్గర విన్న మాటలు, కచేరీలో ఫిర్యాదుల్లో విన్న మాటలు ఆయనకు కావలసి వచ్చాయి. మన భాషకు పెద్ద నిఘంటువు పన్నుల శాఖ మనిషి చేతి మీదుగా రావడం ఆశ్చర్యపడవలసిన సంగతి కాదు. రాజ్యానికీ రైతుకూ మధ్య ముందుగా తెలియవలసిన మాట 'కట్టావా, లేదా' అన్నదే కదా.

ఇక సంతపూర్‌కు వద్దాం. బీదరు జిల్లా ఔరాద్ తాలూకాలోని ఊరిది. ఔరాద్ కర్ణాటకకు ఉత్తరపు కొస. ఒక పక్క మహారాష్ట్రలోని ఉద్గీర్, దెగ్లూర్. ఇంకో పక్క తెలంగాణలోని నారాయణఖేడ్, జుక్కల్. 1956 దాకా ఇదంతా ఒకే హైదరాబాదు రాష్ట్రం. ఆ సంవత్సరపు రాష్ట్రాల పునర్విభజన చట్టం బీదరు జిల్లాను మూడు ముక్కలు చేసింది. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాద్ తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశ్‌కు చేరాయి. మిగిలింది మైసూరు రాష్ట్రంలో కలిసింది. సర్కిళ్ల లెక్కన గీత గీశారు గాని, ఇళ్లలో మాట్లాడే భాష సర్కిలు చూసి మారదు. అందుకే ఇక్కడి బజారులో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒకే త్రాసులో తూగుతాయి.

ఇప్పుడు ఒకే పని చూడండి. బ్యాంకులో సొమ్ము చెల్లించడం. తెలుగువాడు డబ్బు 'కడతాడు'. దక్షిణాదిలో కన్నడిగుడూ తమిళుడూ కూడా కడతారు. మైసూరులో కందాయం కట్టు అంటారు, తమిళంలో వరి కట్టు అంటారు. మరాఠీవాడు పైసలు 'భరతాడు', అంటే నింపుతాడు. ఉర్దూలోనూ ఫీజు భర్నా, జుర్మానా భర్నా ఉన్నాయి. అప్పు పూర్తిగా తీర్చడానికి మరాఠీలో 'ఫేడణే' అంటారు. ఆ మాటకు మొదటి అర్థం ముడి విప్పడం, కట్టుకున్నది తీసివేయడం. అంటే ఒకే వరుసలో నిలబడ్డ ముగ్గురిలో ఒకడు కడుతున్నాడు, ఒకడు విప్పుతున్నాడు, ఒకడు నింపుతున్నాడు. క్యాషియరు మాత్రం ముగ్గురికీ ఒకే ముద్ర వేసి రసీదు ఇస్తాడు.

ఉత్తర కర్ణాటక కన్నడిగుడు మైసూరువాడిలా కట్టడు. 'రొక్క తుంబిదె' అంటాడు, అంటే రొక్కం నింపాననే. పదం కన్నడం, పోలిక మరాఠీది. ఆ గాలే మన తెలుగుకూ తగిలింది. ఇక్కడి మన ముసలివాళ్లు కొందరు 'పైసలు నింపిన సార్' అంటారు. హైదరాబాదు నుంచి వచ్చిన యువ ఉద్యోగులు అది విని నవ్వడం నేను చూశాను. ఫారం నింపుతారు గాని పైసలు నింపుతారా అని వాళ్ల సందేహం. నవ్వేముందు ఈ మాటల వెనుక ఉన్న చరిత్ర కొంచెం చూడాలి.

మనం డబ్బును ఎందుకు 'కడతాం'? ఇల్లు కడతాం, చెరువుకు కట్ట కడతాం, పంచె కడతాం, తాళి కడతాం. వీటన్నిటిలో ముడివేయడమో, పేర్చి నిలబెట్టడమో ఉంది. లెక్క కట్టడం, వెల కట్టడం, పందెం కట్టడం అన్నప్పుడు ఒక సంగతిని ఖాయం చేయడం ఉంది. ముడుపు కట్టడంలో ఇవన్నీ ఒక్కచోట కలుస్తాయి. పసుపు గుడ్డలో నాణెం పెట్టి ముడి వేస్తే, ఆ గుడ్డా కట్టినట్టే, ఆ మాటా కట్టినట్టే, ఆ సొమ్మూ కట్టినట్టే. దేవుడికి చెందిన ఆ డబ్బు మీద ఇక మన చెయ్యి పడకూడదు. రాజుకు కట్టే పన్నులోనూ ఈ భావమే ఉన్నట్టు నాకు తోస్తుంది. మద్రాసు రాజధాని రెవెన్యూ కాగితాల్లో ఇనాం భూములకు ఏటా ఇంత అని స్థిరపరచిన నామమాత్రపు శిస్తును 'కట్టుబడి' అన్నారు. మనం ఇచ్చిన మాటకు కట్టుబడి ఉండడమూ అదే పదం. ఇంతే, దీనికి మించి కాదు అన్న కట్టడి ఇరుపక్షాలకూ అందులో ఉంది.

ఇంకో సంగతి గమనించండి. తెలుగులో కట్టడానికీ ఇవ్వడానికీ తేడా ఉంది. పన్ను కడతాం, శిస్తు కడతాం, జరిమానా కడతాం, వడ్డీ కడతాం, ఫీజు కడతాం. వెనకటి సామంతరాజులు కప్పం కట్టారు. కాని కూలివాడికి కూలి ఇస్తాం. లెక్క కట్టి ఇస్తామేమో గాని, కూలి కడతామనము. అంటే పైకి పోయే డబ్బుకు 'కట్టు', కిందికీ పక్కకూ పోయేదానికి 'ఇచ్చు'. ఇంగ్లీషు 'పే'కు ఈ పట్టింపు లేదు. ప్రభుత్వానికైనా పాలేరుకైనా ఒకటే. మరో తేడా కూడా ఉంది. లంచం ఇస్తారు, మామూలు ఇస్తారు. లంచం కట్టానని ఎవడూ అనడు. పుస్తకంలోకి ఎక్కే సొమ్మునే మన భాష 'కట్టింది' అంటుంది. మా కౌంటరులో ఇది బాగా పనికివచ్చే సూత్రం. ఎవరైనా 'కట్టాను' అంటే 'రసీదు ఉందా' అని అడుగుతాను. 'ఇచ్చాను' అంటే 'ఎవరికి' అని అడుగుతాను. ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో చాలా కుటుంబాల కష్టం దాగి ఉంటుంది.

'నింపు' కథ ఖజానాది. ఈ నేల ఖజానాలను చాలా చూసింది. ఈ జిల్లాలోనే ఉన్న కల్యాణంలో పన్నెండో శతాబ్దంలో బసవన్న బిజ్జలుడి భండారి. ఆయన కథను తెలుగులో బసవపురాణంగా చెప్పినవాడు పాల్కురికి సోమనాథుడు. భండారం సొమ్మంతా జంగములకు ధారపోశాడని కొండెగాళ్లు రాజుకు చెబితే, లెక్క చూసేసరికి ఒక్క మాడ తగ్గకుండా భండారం నిండే ఉందని అందులో కథ. ఆ తెలుగు పురాణాన్ని భీమకవి 1369లో కన్నడం చేశాడు. కన్నడ నేల మీది ఖజానా కథ తెలుగులో గ్రంథమై మళ్లీ కన్నడానికి వెళ్లింది. మా సరిహద్దుల్లో మాటల రాకపోకలు ఈనాటివి కావు.

ఆ తరువాత బహమనీలు పదిహేనో శతాబ్దంలో బీదరును రాజధాని చేసుకున్నారు. మహమూద్ గవాన్ భూములు కొలిపించి శిస్తు క్రమపరచాడు. 1481లో సుల్తాను ఆజ్ఞతోనే ఆయన తల తెగింది గాని, ఫారసీ లెక్కలు నిలిచాయి. బరీద్ షాహీలు, బీజాపూరు, 1657లో ఔరంగజేబు, ఆ తరువాత నిజాములు. రాజులు మారినా వసూలు, జమ, బాకీ, కిస్తు, రసీదు, ఖజానా అన్న మాటలు మారలేదు. 'తహసీలు' అన్నమాటకే వసూలు చేయడమని అర్థం. మనం ఊరి కచేరీ పేరుగా పలికేది నిజానికి ఒక క్రియ.

నిజాం రాజ్యంలో 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ రాకముందు శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు దివాణానికి ఇంత కడతానని ఒప్పుకుని, రైతు దగ్గర తన ఇష్టం వచ్చినంత పిండుకునేవాడు. అతను కట్టేది లెక్కలో ఉండేది, రైతు ఇచ్చేదానికి లెక్క ఉండేది కాదు. నేను పైన చెప్పిన రెండు క్రియల తేడా అప్పట్లో రైతు ప్రాణం మీదికి వచ్చిన తేడా. సాలార్‌జంగ్ గుత్తలు తగ్గించి, జీతగాళ్లైన అధికారులను పెట్టి, 1865లో జిలాబందీ పేరిట జిల్లాలు ఏర్పరిచాడు. అయినా జాగీరు గ్రామాల్లో జాగీర్దారే ప్రభుత్వం. జాగీర్ల రద్దుకు 1949 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ రాజ్యానికి సొంత నాణెం, సొంత నోటు ఉండేవి. 1918 నుంచి వచ్చిన హైదరాబాదు నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీ, ఇంగ్లీషుల్లోనూ విలువ ఉండేది. బీదరు బజారు భాషలన్నీ ఆ నోటు మీదే కనిపించేవన్నమాట. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానంగా నడిచేవి. 1942లో పని మొదలుపెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఆ సిక్కా వ్యవహారం చూసేది. ఆ బ్యాంకు పేరు 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మారి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. 'హాలీ' అంటే వర్తమానంలో చలామణిలో ఉన్నది అని అర్థం. 1959లో ఆ హాలీ రూపాయే చెల్లకుండా పోయింది.

'చెల్లు' అన్నాను కనుక దాని సంగతి కూడా. తమిళంలో 'సెల్' అంటే వెళ్లు. వెళ్లగలిగిన నాణెం చెల్లే నాణెం. మన చెల్లుకు కన్నడంలో సల్లు, మన చెల్లించుకు సల్లిసు. తమిళంలో సెలవు అంటే ఖర్చు; పాత తెలుగులోనూ ఆ అర్థం ఉంది, ఇప్పుడు మనకు మిగిలింది ఆఫీసుకు పెట్టే సెలవు ఒక్కటే. ఇంగ్లీషు 'కరెన్సీ' కూడా పరుగెత్తడం అనే లాటిన్ మాట బిడ్డే. సొమ్ము కదులుతూ ఉండాలన్న తెలివి అన్ని జాతులకూ ఉన్నదే.

ఇంత దూరం వచ్చాక అసలు చెప్పదలచిన క్రియ 'తీరు'. దాహం తీరుతుంది, తగవు తీరుతుంది, మొక్కు తీరుతుంది, అప్పు తీరుతుంది. తగవు తీర్చేదే తీర్పు. ఉర్దూలో 'చుకానా'కు మూలమైన చుక్‌నా అంటే ముగియడం. ఇంగ్లీషులో 'ఫైనాన్స్' కూడా ముగింపు అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందే. అన్ని భాషల్లోనూ అప్పుకు ఒక చివర ఉండాలన్న ఆశ ఉంది. కాని కట్టడం వేరు, తీరడం వేరు. ఇంగ్లీషువాడు 'పెయిడ్' అంటే వాయిదా కట్టాడో, బాకీ మొత్తం తీరిందో మళ్లీ అడిగి తెలుసుకోవాలి. తెలుగులో రెంటికీ రెండు క్రియలు ఉన్నాయి.

ఈ తేడా విలువ తెలియాలంటే భగేలాల చరిత్ర చూడాలి. హైదరాబాదు రాష్ట్రంలో చిన్న అప్పు కోసం దొర దగ్గర, షావుకారు దగ్గర పనికి కుదిరిన మనిషి ఏళ్ల తరబడి, ఒక్కోసారి కొడుకు తరం దాకా చాకిరీ చేసేవాడు. రోజూ తన ఒళ్లు కడుతున్నాడు, అప్పు మాత్రం తీరడం లేదు. లెక్క రాసేది దొర, చదవగలిగేదీ దొర. నిజాం ప్రభుత్వం 1943లో భగేలా ఒప్పందాల మీద నిబంధన తేవలసి వచ్చింది. దేశమంతటికీ వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. కట్టడానికీ తీరడానికీ మధ్య ఎంత అగాధం తవ్వవచ్చో ఆ చట్టాల అవసరమే చెబుతుంది.

బ్యాంకు వడ్డీ ఆ షావుకారు వడ్డీ కాదు. అయినా మా ముందు నిలబడే రైతుకు ఆ రెండు క్రియల మధ్య దూరం ఇప్పటికీ అంతుపట్టదు. 'ఇన్నేళ్లు కడుతున్నా కదా, ఇంకా తీరలేదా' అని అడిగినవాడికి, కట్టిందాంట్లో ముందు వడ్డీకి ఎంత పోయిందో, అసలుకు ఎంత పోయిందో అతని భాషలో విడమరచి చెప్పకపోతే ఆ ప్రశ్న అనుమానమై మిగులుతుంది. కాగితాలేమో ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉంటాయి. 1990లో పదివేల లోపు రుణాలకు ఊరట ఇచ్చిన పథకం వచ్చినప్పుడూ, 2008లో మరొకటి వచ్చినప్పుడూ ఊళ్లో వినిపించిన మాట 'మాఫీ'. అరబ్బీలో దాని మూలార్థం క్షమించడం. అప్పు తీరడం ఒకటి, అప్పును క్షమించడం ఒకటి. మాఫీ అయినవాడు కొందరి దగ్గర తలవంచుకుని మాట్లాడడానికి ఆ మాటలోని తప్పు వాసనే కారణమేమో. తీర్చినవాడు మాత్రం తలెత్తుకుంటాడు.

మన నోటు మీది వాగ్దానాన్ని హిందీలో 'అదా' చేస్తానని రాశారు. చెక్కు మీదా అదే. ఉర్దూలో నమాజును కూడా అదా చేస్తారు. ఒప్పుకున్న విధిని నెరవేర్చడమని దాని భావం. లాటిన్‌వాడు అప్పులవాణ్ణి శాంతింపజేశాడు, అరబ్బీవాడు విధి నెరవేర్చాడు, మరాఠీవాడు ముడి విప్పాడు, మనం మాటను కట్టాం. ఇందులో ఎవరి క్రియ ఒప్పు, ఎవరిది తప్పు?

అందుకే 'పైసలు నింపిన' అన్న సంతపూర్ తెలుగును చూసి నవ్వవద్దంటాను. అది చెడిపోయిన తెలుగు కాదు. ఖజానాలూ, మరాఠీ పొరుగూ, నాలుగు భాషల నోటూ చూసిన తెలుగు. దాన్ని పలికిన మనిషికి 'కట్టు', 'తీర్చు' కూడా తెలుసు. వాటికి తోడు ఇంకో మాట సంపాదించుకున్నాడు. నవ్వితే ఏమవుతుందో నేను చూస్తూనే ఉన్నాను. ఆ ముసలాయన మనవడు బ్యాంకులో తెలుగు మాట్లాడడం మానేసి కన్నడంలోనో హిందీలోనో అడుగుతాడు. తప్పు తెలుగు పలకడం కంటే తెలుగు పలకకపోవడం మర్యాద అనుకుంటాడు. భాష అలాగే పోతుంది, మనం దిద్దుతూ ఉండగానే.

బళ్లారిలో, కోలారులో, హోసూరులో, ఖరగ్‌పూర్‌లో ఉన్న పాఠక మిత్రులకు ఒక మనవి. మీ ఊరి పెద్దలు డబ్బు కడతారో, నింపుతారో, చెల్లిస్తారో, ముట్టజెబుతారో, లేక మాకు తెలియని ఇంకేదైనా చేస్తారో ఒకసారి చెవిపెట్టి వినండి. విన్న మాటను, విన్న ఊరిని, అన్నవారి వయసును ఒక చీటీ మీద రాసి ఈ పత్రికకు పంపండి. నాలుగు ఊళ్ల నుంచి నాలుగు చీటీలు వచ్చినా మన లెక్కల పుస్తకంలో కొత్త పేజీ మొదలవుతుంది.